కట్టుడు పళ్ళు: ఏ సెట్టు దేని మీద ఆనుతుంది?

కట్టుడు పళ్ళ గురించి అడగ్గానే క్లినిక్‌లో మూడు నాలుగు నమూనాలు బల్ల మీద పెడతారు. వంచితే వంగే, తీగలు కనబడని ఫ్లెక్సిబుల్ సెట్టు వైపే చాలామంది చెయ్యి వెళుతుంది. చూడ్డానికి అదే ముచ్చటగా ఉంటుంది మరి. కానీ డబ్బు కట్టే ముందు డాక్టర్‌ని ఒకటే అడగండి: నమిలినప్పుడు ఆ బరువు పంటి మీద పడుతుందా, చిగురు మీద పడుతుందా? ఇక్కడ ఒక్కో రకాన్నీ ఆ లెక్కనే తూచాం.

కొన్ని పళ్ళే పోయినవాళ్ళకి పెట్టేది పార్షియల్. అందులో చవకైనది అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ప్లేటు. పక్క పళ్ళని పట్టుకోవడానికి వంచిన స్టీల్ తీగలుంటాయి, బరువంతా చిగురే మోస్తుంది. నెలలు గడిచేకొద్దీ ప్లేటు కిందికి దిగుతుంది. కింది దవడలోనైతే దాని అంచు మిగిలిన పళ్ళ మొదట్లో చిగురును ఒరుసుకుంటూ కిందికి తోసేస్తుంది, బాగున్న పళ్ళ వేళ్ళు కూడా బయటపడతాయి. పన్ను తీయించుకున్నాక ఎముక కుదురుకునేదాకా వాడుకోవడానికి ఇది మంచిదే. ఇంకో పన్ను ఊడితే అదే ప్లేటుకి చేర్చవచ్చు, విరిగితే ల్యాబ్‌లో అతుకుతారు. పదేళ్ళు దీంతోనే గడిపేద్దామనుకుంటే మాత్రం ఉన్న పళ్ళకే ముప్పు.

ఫ్లెక్సిబుల్ అంటే నైలాన్. తేలిక, పల్చన, అంత సులువుగా విరగదు. చిక్కు వేరేచోట ఉంది. అక్రిలిక్ పన్నూ నైలానూ రసాయనికంగా కలవవు. అందుకని పంటి అడుగున రంధ్రాలు తొలుస్తారు, కరిగిన నైలాన్ అందులోకి దిగి గట్టిపడితే అదే పట్టు. ఆ పట్టు వదిలితే పన్ను ఊడి చేతిలోకి వస్తుంది. చిగురు తగ్గాక లోపలివైపు కొత్త పొర వేసి సరిచేయడం, అంటే రీలైన్, దీనికి కష్టం. పాలిష్ చెదిరి గరుకుదేలిన చోట పసుపు, టీ, వక్కపొడి మరకలు దిగిపోతాయి. పంటి మీద ఆనే భాగం చాలావాటికి ఉండదు కాబట్టి ఇదీ చిగుట్లోకి దిగేదే. నవ్వినప్పుడు తీగ కనబడకూడదనుకునేవాళ్ళకి, అక్రిలిక్ పడనివాళ్ళకి, అదీ రెండు పక్కలా గట్టి పళ్ళున్న చిన్న ఖాళీకి అయితే సరే. వెనక దంతాలన్నీ పోయినవాళ్ళకి ఇదే చాలా మంచిదని అంటగట్టడం మాత్రం మాకు నచ్చని పని.

పార్షియల్‌లో పెట్టిన డబ్బుకి న్యాయం చేసేది కోబాల్ట్-క్రోమియంతో పోతపోసే కాస్ట్ పార్షియల్. మిగిలిన పళ్ళ మీద చిన్న గుంటలు చెక్కి, ఫ్రేము కొసలు వాటిలో కూర్చునేలా చేస్తారు. వీటిని రెస్టులంటారు. బరువు పంటి వేరు మీదుగా ఎముకకి చేరుతుంది. అక్రిలిక్ ప్లేటు సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన చోట లోహం దాదాపు అర మిల్లీమీటరు ఉంటే చాలు. నాలుకకి చోటు మిగులుతుంది, కాఫీ వేడి అంగిలికి తెలుస్తుంది. ఇది పాడయ్యేది ఎక్కువగా మొదట్లో చూపిన బద్ధకం వల్లే. గుంటలు చెక్కకుండానే అచ్చు తీసి ల్యాబ్‌కి పంపితే రెస్టు పంటి మీద మిట్టగా కూర్చుంటుంది, ఎదుటి పన్ను దానికి తగులుతుంది. అప్పుడు రెస్టునే అరగదీస్తారు, అది పల్చబడి కొన్నాళ్ళకి విరుగుతుంది. కాబట్టి ఫైనల్ అచ్చుకి ముందే గుంటలు చెక్కుతారా అని అడగడంలో మొహమాటపడొద్దు. వెనక చివరిదాకా పళ్ళు లేకపోతే ఫ్రేము ముందువైపు పంటి మీద, వెనకవైపు చిగురు మీద ఆనుతుంది. అందువల్ల కొన్నాళ్ళకి ఊగడం మొదలవుతుంది, రీలైన్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇక ఫుల్ సెట్. ఇక్కడ ఆసరాకి పళ్ళే లేవు. సెట్టు ఆనే చోటు పై దవడలో సుమారు 23 చదరపు సెంటీమీటర్లు, కింద 12. పై సెట్టు అంగిలినంతా కప్పి, ఉమ్మి పల్చటి పొరగా మధ్యలో ఉండి, అంచుల్లో గాలి చొరకపోవడంతో అంటుకుంటుంది. కింది సెట్టుని నాలుక ఒకవైపు, బుగ్గ ఒకవైపు తోస్తూనే ఉంటాయి. పైగా కింది ఎముక పై ఎముక కన్నా ఎక్కువ అరుగుతుంది. "పైది బాగుంది, కిందిదే ఎగురుతోంది" అన్న మాట ప్రతి క్లినిక్‌లోనూ వినబడేది ఇందుకే. ఖర్చు భరించగలిగితే కింద రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే మరలు, వేసి వాటికి సెట్టుని తగిలించడం మేలు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు పళ్ళు లేని కింది దవడకి మొదట ఎంచుకోవాల్సింది ఇదేనన్నారు.

మంచి ఫుల్ సెట్టుకి దాదాపు ఐదుసార్లు వెళ్ళాలి: మొదటి అచ్చు, ఆ నోటికే చేసిన ప్రత్యేక ట్రేతో ఫైనల్ అచ్చు, మైనం దిమ్మెలతో దవడల కొలత, మైనంలో పళ్ళు పేర్చి చూసుకోవడం, చివరికి సెట్టు అమర్చడం. రెండుసార్లలో తేల్చేస్తామంటే ఫైనల్ అచ్చుకి ఎసరు పెట్టారేమో చూసుకోండి. మైనం ట్రయల్ రోజున ఇంట్లోవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, మార్పులకి సులువైన రోజు అదే. "ఫోను" అన్నప్పుడు పై ముందు పళ్ళ అంచు కింది పెదవి తడిని తాకాలి. "సీసా", "సున్నా" అన్నప్పుడు పళ్ళు ఒకదానికొకటి కొట్టుకోకూడదు. కొట్టుకుంటే ఎత్తు ఎక్కువైనట్టే. తరవాత మాట్లాడుతుంటే టకటకలాడతాయి, దవడలు నొప్పెడతాయి. ఎత్తు తక్కువైతే బుగ్గలు లోపలికి పోతాయి, పెదవుల మూలలు చిట్లుతాయి.

పన్ను తీయగానే పెట్టే సెట్టు కొన్ని నెలల్లోనే వదులవుతుంది. మొదటి ఏడాదిలోనే ఎముక బాగా తగ్గుతుంది కదా. ఎంత బాగా చేసిన ఫుల్ సెట్టుకైనా సొంత పళ్ళ బలంలో నాలుగో వంతు వస్తే గొప్ప. మొదటి వారం పప్పన్నం, ఇడ్లీ. తరవాత ముక్కని చిన్నగా కోసుకుని రెండు వైపులా ఒకేసారి నమలాలి. ముందు పళ్ళతో జామకాయ కొరికితే సెట్టు వెనకభాగం పట్టు వదులుతుంది. జంతికలు చివరి పాఠం.

పుండు పడితే సెట్టుని ఇంట్లో అరగదీయొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేరోజు కొన్ని గంటలు పెట్టుకునే ఉంటే ఎర్రటి మచ్చ కనబడుతుంది, ఎక్కడ గీకాలో ఆయనకి తెలుస్తుంది. రాత్రి తీసి మామూలు నీళ్ళలో వేయాలి. పెట్టుకునే పడుకుంటే అంగిలి ఎర్రబడి కాండిడా ఫంగస్ చేరుతుంది. మరిగే నీళ్ళలో వేస్తే అక్రిలిక్ వంకర తిరుగుతుంది. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మెత్తటి బ్రష్, గిన్నెల సబ్బు మేలు. కడిగేటప్పుడు వాష్‌బేసిన్‌లో నీళ్ళు నింపుకోండి, జారిపడినా పగలదు. లోహం ఉన్న సెట్టుని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టొద్దు.

సెట్టు జారకుండా అంటించే పొడులూ క్రీములూ సరిగ్గా చేసిన సెట్టుకి తోడు మాత్రమే. రోజుకి ట్యూబు పిండాల్సి వస్తోందంటే కావలసింది రీలైన్. క్రీము కొంటే జింక్ లేనిది చూడండి. అతిగా వాడితే జింక్ వల్ల ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతిన్న కేసులున్నాయి, 2010లో గ్లాక్సో కంపెనీ తన పాలిగ్రిప్ క్రీముల్లోంచి దాన్ని తీసేసింది. సెట్టు విరిగితే ముక్కలన్నీ డబ్బాలో వేసి పట్టుకెళ్ళండి. ఫెవిక్విక్ పూశారంటే అంచులు సరిగ్గా కలవవు, ల్యాబ్‌వాళ్ళకి ముందు ఆ జిగురు గీకడమే పెద్ద పని.