పాకెట్ బైక్ అప్‌గ్రేడ్స్: చాలాకాలం తోలాక నా రివ్యూ

49 సీసీ టూ స్ట్రోక్ పాకెట్ బైక్ (రేసింగ్ బైక్‌కి బుల్లి రూపం) చాలాకాలంగా తోలుతున్నా, కొన్నప్పటి పార్టులు ఇప్పుడు దాన్లో తక్కువే మిగిలాయి. స్పీడ్ కావాలంటే అందరూ ముందు సైలెన్సర్ మీద పడతారు, నన్నడిగితే అది ఆఖర్న పెట్టుకోండి, మొదలెట్టాల్సింది క్లచ్ స్ప్రింగుల దగ్గర. వీటిలో క్లచ్‌కి లివర్ ఉండదు, ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకుంటుంది, ఎప్పుడు పట్టాలో తేల్చేవి ఈ స్ప్రింగులే.

ఈ ఇంజన్లకి కింద ఆర్‌పీఎంలో బలం ఉండదు, పైకెళ్లాకే లాగుతాయి, కానీ స్టాక్ (బండితో వచ్చిన) స్ప్రింగులు మెత్తగా ఉండటంతో ఇంజన్ పుంజుకోకముందే క్లచ్ పట్టేసి బండి ఈడ్చుకుంటూ కదుల్తుంది. కొంచెం గట్టి స్ప్రింగులు వేశాక అదే ఇంజన్, అదే కార్బురేటర్, పికప్ మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. మరీ గట్టివి మాత్రం వద్దు, క్లచ్ ఎక్కువసేపు జారి డ్రమ్ము కాలిపోద్ది.

తర్వాత స్ప్రాకెట్లు, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రాలు. ముందు 6 పళ్ళు, వెనక 54 ఉంటే రేషియో 9, ముందు 7 వేస్తే సుమారు 7.7కి దిగుతుంది, అంటే ముందు ఒక్క పన్ను పెంచితే వెనక దాదాపు ఎనిమిది పళ్ళు తగ్గించినంత తేడా. టాప్ స్పీడ్ వస్తుంది గానీ స్టార్టింగ్ బరువెక్కుతుంది, మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాక్ అయితే 6 పళ్ళే బాగుంటుంది, నేను దానికే తిరిగొచ్చా.

కార్బురేటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజన్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. 15 ఎంఎం కార్బురేటర్, ఓపెన్ ఫిల్టర్ పెట్టారంటే గాలి ఎక్కువ వెళ్తుంది, దానికి తగ్గట్టు మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం) పెంచకపోతే మిక్చర్ లీన్ అయిపోద్ది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు, టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేదే పెట్రోల్‌తో కాబట్టి పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో లాగి అక్కడికక్కడే ఇంజన్ ఆపి స్పార్క్ ప్లగ్ తీసి చూడండి, లేత గోధుమ రంగుంటే ఓకే, తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్ వేయండి. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య గాస్కెట్లు మంచివి వేసుకోండి, అక్కడ గాలి లీకైతే ఎంత ట్యూన్ చేసినా ఐడిల్ నిలబడదు. ఆయిల్ నేను 25:1 కలుపుతా, లీటరుకి 40 ఎంఎల్.

ఇక సైలెన్సర్. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బి చివర సన్నబడే గొట్టం) ఉన్నది పెడితే తిరిగొచ్చే ప్రెషర్ వేవ్ బయటికి జారిపోబోయే మిక్చర్‌ని మళ్ళీ సిలిండర్లోకి తోస్తుంది, పైన ఆర్‌పీఎంలో బండి నిజంగానే వేరేలా ఉంటుంది, కింద మాత్రం ఇంకా డల్ అవుతుంది, క్లచ్ ముందే సరిచేసుకోమన్నది అందుకే. దీనికీ మళ్ళీ జెట్ చూసుకోవాలి.

కార్బన్ రీడ్స్ (మిక్చర్‌ని ఇంజన్లోకి వదిలి వెనక్కి రానివ్వని పల్చటి రేకులు, కార్బన్ ఫైబర్‌వి) కూడా వేశా, థ్రాటిల్ కొంచెం చురుగ్గా అనిపించింది, అంతే.

స్పీడ్ పెరిగాక బ్రేకులు పాతవే ఉంచకండి ప్లీజ్. వీటికి డిస్కులున్నా చాలావాటికి లాగేది కేబులే, అది సాగిపోతుంది. కొత్త కేబుళ్ళు, మంచి ప్యాడ్లు వేశా, టైర్లు ముందు 90/65-6.5, వెనక 110/50-6.5 సాఫ్ట్ కాంపౌండ్‌వి తీసుకున్నా, త్వరగా అరుగుతాయి గానీ వంపుల్లో ఆ పట్టు అలవాటయ్యాక గట్టి టైర్లకి వెళ్ళబుద్ధి కాదు.