జూన్‌లో ఒక సెట్టు, నవంబరులో ఒక సెట్టు: గొడవంతా నట్లతోనే

తొలకరి పడగానే కారుకి ఏటీ టైర్లు (ఆల్-టెరైన్, అంటే బురదా రాళ్లూ పట్టే పెద్ద గాళ్లవి), వానలు వెనకబట్టాక మామూలు హైవే టైర్లు. ఒడిశా జయపురంలో ఉంటూ సాలూరు వైపు తరచూ ఘాట్ దిగే నాకు కొన్నేళ్లుగా ఇదే అలవాటు. చలిదేశాలవాళ్లు 7 డిగ్రీల కిందకి పోయే రోజుల కోసం మెత్తటి రబ్బరు టైర్లు వేసుకుంటారు. దేవమాలి కొండ పక్కనే ఉన్నా మనకి వాటితో పనిలేదు. మనకున్న బాధల్లా ఎర్రమట్టి బురదే. పొట్టంగి లోపలి ఊళ్లలో ఇదివరకు ట్రాక్టరు కోసం ఎదురుచూసిన చోట ఇప్పుడు సెకండ్ గేర్‌లో బయటపడుతున్నాను.

రెండు సెట్లకీ వేరువేరు రిమ్ములున్నాయి కాబట్టి చక్రాలు విప్పి బిగించడమే పని. నా కోపమంతా షాపుల్లో గాలి ఒత్తిడితో నట్లు బిగించే ఆ గన్ను మీద.

పోయిన వానాకాలం షాపులో చక్రాలు మార్పించిన కొద్దిరోజులకే, సుంకి దాటాక ఘాట్‌లో రాయి కోసుకుని వెనక టైరు దిగిపోయింది. జోరున వాన. వీల్ పానా మీద ఎక్కి నిలబడినా నట్టు కదలదు. పానా జారి నట్టు మూలలు అరిగిపోతున్నాయి. వెనక పెద్ద బళ్ల హారన్లు, కారులో అమ్మ. ఒకటే టెన్షన్. చివరికి సాలూరు లారీ ఒకటి ఆగింది. డ్రైవరు చూసి, "ఇది సేత్తో బిగించింది కాదు బాబూ, గన్నుతో కొట్టేసినారు" అన్నాడు. క్లీనరు పొడుగాటి ఇనప పైపు తెచ్చి పానాకి తొడిగి ఇద్దరూ కలిసి తొక్కితే నట్లు కిర్రుమంటూ వచ్చాయి. ఒకదానికి బోల్టే విరిగింది. మిగిలిన నట్లతోనే స్టెప్నీ వేసుకుని మెల్లగా సాలూరు దిగాం.

ఆ తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే పానా) కొన్నాను. ముందు నట్లన్నీ చేత్తోనే పట్టించి, ఎదురెదురుగా ఒక్కోటీ బిగించి, కంపెనీ పుస్తకంలో రాసిన అంకె దగ్గర 'టక్' మనగానే ఆపేస్తాను. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూస్తాను. షాపుకెళ్లినా గన్ను ముట్టనివ్వను.

ఏటీ పట్టు గురించి మొదట్లో అందరికీ ఊదరగొట్టాను. అది బురద వరకే. తడి తారు మీద బ్రేకు కొడితే హైవే టైరంత చప్పున ఆగదు, పైగా హోరు. రెండు సెట్లుంటే రెట్టింపు కాలం వస్తాయన్న లెక్కా పూర్తిగా నిజం కాదు. వాడకుండా పెట్టినా రబ్బరుకి వయసు మీదపడుతుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి: 2421 అంటే 2021లో 24వ వారం తయారీ. నా హైవే సెట్టుకి బటన్ (టైరు మీది గాళ్ల లోతు) బాగానే ఉంది గానీ పక్కల సన్నటి పగుళ్లు మొదలయ్యాయి.

నాకు లోపలి ఊళ్లలో పని, షెడ్డులో చోటూ ఉంది, అందుకే సాగుతోంది. 26వ నంబరు హైవే (పాతవాళ్ల నోట ఇంకా 43నే) మీదే తిరిగేవాళ్లకి మంచి హైవే టైర్లు ఒక్క సెట్టు చాలేమో. చట్టం ప్రకారం బటన్ 1.6 మిల్లీమీటర్ల దాకా అరగొచ్చు. ఘాట్‌లో వానకి మాత్రం నేను 3 దగ్గరే మార్చేస్తాను.