బీచ్ రోడ్డులో ఎవరి హద్దు ఎక్కడ మారుతుంది?

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరిగ్గా ఆగుతూ వెళ్తే, బోర్డులు చదవకుండానే ఏ శాఖ హద్దు ఎక్కడ మారిందో చెప్పేయొచ్చు. చెత్తబుట్ట ఉందా, ఉంటే పొర్లిపోతోందా, మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా? ఈ మూడూ చూస్తే చాలు. రోడ్డు ఊడ్చేది నగరపాలక సంస్థ జీవీఎంసీ. కైలాసగిరి పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది (పేరు మారి ఏళ్లయినా ఆటోవాళ్లకు అది ఇంకా వుడానే). రుషికొండ బీచ్ పర్యాటక శాఖది, కంబాలకొండ అటవీ శాఖది. ఇసుక సంగతికొస్తే పోర్టు కూడా వచ్చి చేరుతుంది.

ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఏటా కోసుకుపోతుంటుంది. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకను పోర్టు ఔటర్ హార్బర్ గోడలు అడ్డుకుంటాయి. అందుకే డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. అంత కష్టపడి నిలబెట్టుకుంటున్న ఒడ్డు మీదే ఊళ్లోని మురుగు మోసుకొచ్చే గెడ్డ సముద్రంలో కలుస్తోంది. నల్లటి పాయ, అంచున నురగ, నాలుగడుగుల అవతల పిల్లల స్నానాలు! మురీ మిక్చర్ బండాయన మా వాళ్లను ఆపి, "అటు పక్కకెళ్లండి బాబూ, ఇక్కడ నీళ్లు బాగోవు" అన్నాడు. ఆ మాట చెప్పే బోర్డు మాత్రం చుట్టుపక్కల ఎక్కడా కనిపించలేదు.

ఆయన మిక్చర్ కాగితం పొట్లంలోనే ఇచ్చాడు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను జీవీఎంసీ 2022 జూన్ 5 నుంచి నిషేధించింది. తోపుడు బండి దాకా వచ్చిన ఆ నిషేధం మేం దిగిన హోటల్ మెట్లు ఎక్కలేదు. సబ్బు, షాంపూ, దువ్వెన అన్నీ ప్లాస్టిక్ కవర్లలోనే, పైగా రోజూ మనిషికో బుల్లి నీళ్ల సీసా. ఫిల్టర్ నీళ్లు ఎక్కడ పట్టుకోవాలని అడిగితే, రిసెప్షన్ కుర్రాడు "సీసాలు ఫ్రీయే కదా సార్" అని ఆశ్చర్యపోయాడు. సముద్రం వైపు బాల్కనీకి, పొద్దున్నే వేడివేడి ఇడ్లీకి మాత్రం వంక పెట్టలేం. తర్వాత భీమిలి దారిలో దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో ఏసీ గోల చేసింది, టీవీ రాలేదు. అయినా వరండాలో నీళ్ల ఫిల్టర్, పక్కనే స్టీలు గ్లాసులు ఉన్నాయి. నా ఓటు దానికే.

తిరగడానికి రెండు దారులు. 2025 ఆగస్టులో మొదలైన ఎలక్ట్రిక్ డబుల్ డెకర్ బస్సు ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా వెళ్తుంది. పై అంతస్తులో కూర్చుంటే డబ్బు దండగ అనిపించదు. ఇంకా ముందుకు, భీమిలికి, ఆర్టీసీ 900-కె నంబరు బస్సు ఉంది. సీటు దొరికితే నా లెక్కలో అదే మేలు. పర్యావరణం పేరుతో జరిగినవాటిలో మనసారా మెచ్చుకోగలిగింది ఈ బస్సులనే. వచ్చే కార్లన్నిటికీ పార్కింగ్ కట్టుకుంటూ పోతే ఇక మిగిలేది ఎంత బీచ్?

కొత్తది పెట్టాలంటే మన అధికారులకు ఉన్న హుషారు దాన్ని చూసుకోవడంలో కనిపించదు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో ఫ్లోటింగ్ బ్రిడ్జి ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి నీళ్ల మీద కనిపించింది. పరీక్ష కోసం తామే విడదీశామన్నారు. నమ్మేవాళ్లు నమ్మారు.

రుషికొండదీ అదే వరస. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, శుభ్రత లాంటి 33 ప్రమాణాలు చూసి డెన్మార్క్ సంస్థ ఇచ్చే గుర్తింపు అది. 2023లో బీచ్‌లోకి మనిషికి 20 రూపాయల టికెట్ పెట్టబోయి, జనం తిరగబడితే వెనక్కి తగ్గారు. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని జెండా తాత్కాలికంగా పోయింది. ఆ తర్వాత హడావుడిగా శుభ్రం చేసి తిరిగి తెచ్చుకున్నారు. అంటే చేయగలరన్నమాట! మేం వెళ్లినప్పుడు బట్టలు మార్చుకునే గదులు వాడుకునేలాగే ఉన్నాయి, లైఫ్‌గార్డులు ఈలలు వేస్తూనే ఉన్నారు. తలెత్తితే మాత్రం తొలిచిన కొండ, దాని మీద వందల కోట్ల భవనాలు. పాత హరిత రిసార్ట్ పడగొట్టి కట్టినవి. తీరప్రాంత నిబంధనల గొడవ కోర్టుల దాకా వెళ్లింది. కింద బీచ్‌కు 33 పరీక్షలు, పైన కొండకు ఎన్ని పెట్టారో మరి.

కంబాలకొండ గురించి ఒక్క మాట. చెట్ల మధ్య బాటలో చిప్స్ ప్యాకెట్ కోసం వెతికినా పెద్దగా దొరకలేదు. అక్కడ లోపలికి దారి ఒక్కటే, చూసుకునే శాఖా ఒక్కటే. అదే కారణమనుకుంటా.

అన్నిటికంటే బెంగపెట్టింది భీమిలి దగ్గర తీరం వెంట ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయంటారు. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అంతకు ముందు ఏడాదే పక్కన ఇళ్ల స్థలాల కోసం నేల చదును చేస్తున్నారని పెద్ద గొడవైంది. దిబ్బ అంచును వేలితో తాకితే చాలు, పొడి పొడిగా రాలిపోతుంది. అలాంటి అంచుల మీదికెక్కి ఫొటోలు దిగుతుంటే వద్దనేవాళ్లు మాకు కనిపించలేదు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. నీడ ఉండదు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. అంచులెక్కకుండా కింద గట్టిబడిన బాటలోనే నడవండి, ఫొటోలు అక్కణ్నుంచే బాగా వస్తాయి.