పైప్‌లైన్ కాపలాకి ఏఐ: చూడనివ్వండి, చెయ్యి పెట్టనివ్వకండి

షెడ్యూళ్లు ఎయిర్‌ఫ్లోలో, మెట్రిక్స్ ప్రోమీథియస్‌లో, టేబుళ్ల తయారీ డీబీటీలో. చాలా డేటా టీముల సరంజామా ఇదే. పైప్‌లైన్ అంటే డేటాని తెచ్చి టేబుళ్లుగా మార్చే పనుల వరస. అందులో ఏదైనా పడిపోతే మూడు ట్యాబులు తెరిచి, ఒకదాంట్లో టైము చూసుకుని ఇంకోదాంట్లో వెతుక్కోవాలి. ఈ మూడింటినీ ఎంసీపీ ద్వారా ఏఐ అసిస్టెంటుకి కలిపితే ఆ తిరుగుడు తప్పుతుందా? తప్పుతుంది. కారణం వెతకడంలో దీనికి మంచి మార్కులే వెయ్యొచ్చు. మరమ్మతు మాత్రం దాని చేతికి ఇవ్వొద్దు.

ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఓపెన్ ప్రమాణం. ఎయిర్‌ఫ్లో ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) ముందు ఒక చిన్న సర్వర్ కూర్చుని, "ఫెయిలైన రన్లు చూపించు", "ఈ టాస్క్ లాగ్ తీసుకురా" లాంటి టూల్స్‌ని అసిస్టెంటుకి అందిస్తుంది. గ్రఫానాకీ (ప్రోమీథియస్ అంకెల్ని గ్రాఫులుగా చూపించేది) డీబీటీకీ ఆయా సంస్థలు ఇచ్చిన ఎంసీపీ సర్వర్లు ఉన్నాయి. ఎయిర్‌ఫ్లోకి సొంతంగా రాసుకున్నా నాలుగైదు టూల్స్ చాలు.

సొంతంగా రాసేవాళ్లకి మొదట తగిలే ఎదురుదెబ్బ ప్రింట్ స్టేట్‌మెంటు. సర్వర్ లోకల్‌గా నడిచేటప్పుడు స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో (ప్రింట్ చేసినవన్నీ పోయే దారి) జేసన్ సందేశాలు తప్ప ఇంకేమీ పోకూడదు. డీబగ్ కోసం ఎక్కడో మర్చిపోయిన ఒక్క ప్రింట్ చాలు, కనెక్షన్ తెగిపోవడానికి. లాగింగ్ అంతా స్టాండర్డ్ ఎర్రర్‌కి మళ్లించండి. రెండోది వెర్షన్ గొడవ. ఎయిర్‌ఫ్లో 2 ఏపీఐ వీ1. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎయిర్‌ఫ్లో 3లో అది వీ2 అయింది, లాగిన్ కూడా టోకెన్ పద్ధతికి మారింది. పాతదానికి రాసిన సర్వర్ కొత్తదాని మీద పనిచెయ్యదు.

ఇక అసలు పని. ఎయిర్‌ఫ్లోలో ఒకదాని తర్వాత ఒకటి నడిచే టాస్కుల గొలుసుని డ్యాగ్ అంటారు. "రాత్రి ఆర్డర్స్ డ్యాగ్ ఎందుకు పడింది?" అని అడిగితే, ఏ సూచనలూ లేని అసిస్టెంటు ఎర్రగా కనిపించిన చివరి టాస్క్ పట్టుకుంటుంది. దాని స్థితి చాలాసార్లు అప్‌స్ట్రీమ్ ఫెయిల్డ్. అంటే దానికి ముందున్నది పడిపోయింది, ఆ టాస్క్ అసలు నడవనే లేదు, లాగూ ఉండదు. ఖాళీ లాగ్ చూసి అసిస్టెంటు "వర్కర్ సమస్య కావచ్చు" అని ఊహలల్లడం మొదలుపెడుతుంది. అందుకే టూల్ వివరణలోనే తేల్చి రాయాలి: ముందు ఫెయిల్డ్ స్థితిలో ఉన్న టాస్కులే తీసుకో, అప్‌స్ట్రీమ్ ఫెయిల్డ్ జోలికి పోకు.

రెండో మెలిక రీట్రైలు. టాస్క్ మూడుసార్లు ప్రయత్నించి పడిపోతే టూల్ మామూలుగా తెచ్చేది మూడో ప్రయత్నం లాగ్. అందులో "టేబుల్ ఇప్పటికే ఉంది" అని ఉంటుంది. అసిస్టెంటు నిబ్బరంగా "క్రియేట్ స్టేట్‌మెంటు సరిచెయ్యండి" అంటుంది. మొదటి లాగ్ తెరిస్తే అక్కడ కనెక్షన్ టైమౌటు. టేబుల్ సగంలో ఆగిపోయింది. రెండోదీ మూడోదీ ఆ సగం టేబుల్‌ని గుద్దుకుని పడ్డాయి. కాబట్టి లాగ్ టూల్ మొదటి ప్రయత్నం, చివరి ప్రయత్నం రెండూ కలిపి ఇచ్చేలా రాయండి. లాగ్ మొత్తం పంపొద్దు. ఒక్కోదాంట్లో చివరి 150 లైన్లు, వాటికి తోడు "ఎర్రర్" మాట ఉన్న లైన్ల చుట్టుపక్కల పదేసి సరిపోతాయి. ఈ ఒక్క మార్పుతో జవాబుల నాణ్యత ఎంత మారుతుందో, మోడల్ మార్చినా అంత మారదు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎయిర్‌ఫ్లో 2లో డైలీ డ్యాగ్‌కి 10వ తేదీ లాజికల్ డేట్ (రన్‌కి ఎయిర్‌ఫ్లో వేసే తేదీ ముద్ర) ఉన్న రన్ మొదలయ్యేది 11న. ఎయిర్‌ఫ్లో 3లో క్రాన్ షెడ్యూళ్లకి (ఫలానా టైముకి నడపమని రాసేవి) ఈ డిఫాల్ట్ మారింది, లాజికల్ డేట్ రన్ సమయాన్నే చూపిస్తుంది. అప్‌గ్రేడ్ చేసి ప్రాంప్ట్ మార్చకపోతే అసిస్టెంటు ఒకరోజు పక్కకి జరిగి, బాగానే నడిచిన రన్‌ని పరీక్షించి "సమస్య లేదు" అంటుంది. టైములన్నీ యూటీసీలో వస్తాయి కాబట్టి "నిన్న రాత్రి" అనే ప్రశ్నకి సర్వరే గంటలు లెక్కగట్టి ఇవ్వాలి. ఆ లెక్క మోడల్‌కి వదిలేస్తే ఒకసారి కుదురుతుంది, ఇంకోసారి తప్పుతుంది.

ప్రోమీథియస్ వైపు ఖాళీ జవాబే పెద్ద ఉచ్చు. మెట్రిక్ పేరులో ఒక్క అక్షరం తప్పినా, ఎక్స్‌పోర్టర్ (ప్రోమీథియస్‌కి అంకెలు అందించే ప్రోగ్రాము) చచ్చిపోయినా ఎర్రర్ రాదు, ఖాళీ జాబితా వస్తుంది. అసిస్టెంటు దాన్ని సున్నాగా చదివి "ఫెయిల్యూర్లు లేవు" అని భరోసా ఇస్తుంది. ఖాళీ వస్తే "డేటా లేదు, సున్నా కాదు" అనే వాక్యాన్ని సర్వరే జోడించి పంపాలి. దాంతోపాటు ఆ టార్గెట్‌కి (ప్రోమీథియస్ అంకెలు తీసుకునే చోటు) సంబంధించిన అప్ మెట్రిక్ 1 ఉందో (అందుతోంది) 0 ఉందో (అందట్లేదు) కూడా. ఇక పరిమాణం సంగతి: రేంజ్ క్వెరీలో (ఒక కాలవ్యవధికి అంకెలడిగే ప్రశ్న) ఒక్కో సిరీస్‌కి 11,000 పాయింట్లు మించితే ప్రోమీథియస్ తిప్పికొడుతుంది. 15 సెకన్ల స్టెప్‌తో, అంటే 15 సెకన్లకో పాయింటు చొప్పున, ఒక రోజుకి 5,760, రెండు రోజులకి 11,520. అంటే రెండు రోజులడిగితే ఎర్రర్. ఒక రోజడిగితే ఎర్రర్ రాదు గానీ అన్ని వేల అంకెలు మింగి మోడల్ మొదటి ప్రశ్నే మర్చిపోతుంది. 5 నిమిషాల స్టెప్ పెట్టండి, రోజుకి 288 పాయింట్లు. గ్రాఫ్ ఆకారం అర్థమవడానికి అంతకన్నా అక్కర్లేదు.

డీబీటీ ఈ మూడింట్లో తేలిక. రన్ రిజల్ట్స్ ఫైల్ (ఏది ఎలా ముగిసిందో), మానిఫెస్ట్ ఫైల్ (ఏది దేనిమీద ఆధారపడిందో) ఇస్తే ఏ డీబీటీ మోడల్ (ఒక టేబుల్‌ని తయారుచేసే క్వెరీ, ఏఐ మోడల్ కాదు) పడింది, దాని కింద ఏవేవి స్కిప్ అయ్యాయి అన్నది తడుముకోకుండా చెబుతుంది. ఒక్కటే పితలాటకం: రన్, టెస్ట్ లాంటి ప్రతి కమాండ్ రన్ రిజల్ట్స్ మీద తిరగరాస్తుంది. రన్ తర్వాత టెస్ట్ నడిస్తే మిగిలేవి టెస్ట్ ఫలితాలే. ప్రతి కమాండ్ అయ్యాక ఫైల్‌ని టైమ్‌స్టాంప్‌తో వేరేచోట దాచాలి.

ఇంత చేసినా పచ్చగా పూర్తయి సున్నా వరుసలు ఎక్కించిన రన్‌ని ఇది పట్టుకోదు. పనిముట్లకి కనిపించనిది దీనికీ కనిపించదు మరి. డీబీటీ సోర్స్ ఫ్రెష్‌నెస్ చెక్కులు (మూల డేటా తాజాగా వచ్చిందో లేదో చూసేవి) పెట్టి, వరుసల సంఖ్య చెప్పే టూల్ ఒకటి విడిగా ఇవ్వాలి.

అనుమతుల విషయంలో మొహమాటం వద్దు. ఎంసీపీ టూల్‌కి "చదవడానికి మాత్రమే" అని గుర్తు పెట్టొచ్చు, కానీ అది సూచనే, తాళం కాదు. తాళం ఎయిర్‌ఫ్లోలో వ్యూయర్ రోల్, గ్రఫానాలో వ్యూయర్ సర్వీస్ అకౌంట్. టాస్క్ క్లియర్ చేసే (అంటే మళ్లీ నడిపించే) టూల్ ఎంత అడిగినా ఇవ్వకండి: వరుసలు చేర్చుకుంటూ పోయే టాస్క్‌ని మళ్లీ నడిపితే డేటా రెట్టింపవుతుంది, ఆ టాస్క్ అలాంటిదని లాగ్ చెప్పదు.

లాగుల్లో ఏముంటుందో కూడా ఓసారి చూసుకోండి. కనెక్షన్ పాస్‌వర్డ్‌లని ఎయిర్‌ఫ్లో *** గుర్తులతో కప్పేస్తుంది గానీ, కోడ్‌లో నేరుగా రాసిన కీ ప్రింటయితే అదేంటో దానికి తెలియదు, అలాగే మోడల్ దాకా పోతుంది. బయటివాళ్లు పంపిన ఫైల్లోని వరుస ఎర్రర్ సందేశంలోకి వచ్చే చోట, ఆ వరుసలో "ఇప్పుడు ఈ పని చెయ్యి" అని రాసున్నా అసిస్టెంటు అది కూడా చదువుతుంది. చేతిలో వ్యూయర్ టోకెన్ తప్ప ఇంకేమీ లేకపోతే, చదివి ఊరుకోవడం తప్ప మీ పైప్‌లైన్‌ని అది కదిలించలేదు.