లినక్స్‌లో అక్కర్లేని బ్లూటూత్ పరికరాలు: రిమూవ్, అన్‌ట్రస్ట్, బ్లాక్‌లలో ఏది మేలు?

"తీసేశాను, మళ్లీ వచ్చింది." లినక్స్ వాడేవాళ్ల నోట బ్లూటూత్ గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. పాత ఇయర్‌ఫోన్స్ కావచ్చు, ఇంట్లో ఇంకొకరి ఫోన్ కావచ్చు, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన పాత యజమాని స్పీకర్ కావచ్చు. సెట్టింగ్స్‌లో తొలగించే బటన్ నొక్కుతారు, పేరు పోతుంది, కాసేపటికి మళ్లీ కనిపిస్తుంది. లినక్స్‌లో బ్లూటూతే సరిగ్గా ఉండదని అక్కడికక్కడే తేల్చేస్తారు. చాలాసార్లు తప్పు లినక్స్‌ది కాదు. వదిలించుకోవడానికి మూడు నాలుగు వేర్వేరు దారులు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో పరిస్థితికి పనికొస్తుంది. వాటిలో ఏది ఎంచుకోవాలో తేల్చే ప్రశ్నలు రెండు: ఆ పరికరం మీకు ఇంకా కావాలా, అది మీ చేతిలో ఉందా?

దానికంటే ముందు, ఆ పరికరం నిజంగా జత అయి ఉందో లేదో చూడాలి. బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి ఉంచినంతసేపూ కంప్యూటర్ చుట్టుపక్కల వెతుకుతూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కింటి టీవీ, పైఅంతస్తు వాళ్ల సౌండ్‌బార్ కూడా ఆ జాబితాలోకి వచ్చేస్తాయి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఇలాంటి వాటి పక్కన ఇంకా సెటప్ చేయలేదని రాసి ఉంటుంది, జత అయినవాటి పక్కన డిస్‌కనెక్టెడ్ అని ఉంటుంది. ఈ తేడా గమనించకుండా పక్కింటి టీవీని రోజూ తొలగిస్తూ కూర్చుంటే ఉపయోగం లేదు. వెతుకులాటలో దొరికిన పరికరాన్ని లినక్స్ తాత్కాలికంగానే గుర్తుపెట్టుకుంటుంది. మామూలు సెట్టింగ్ ప్రకారం, కనిపించడం మానేసిన 30 సెకన్లకు దాన్ని మరిచిపోతుంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు.

ఖచ్చితంగా తెలుసుకోవాలంటే టెర్మినల్ తెరవండి. లినక్స్‌లో బ్లూటూత్ పనంతా చూసేది బ్లూజ్ అనే సాఫ్ట్‌వేర్. 2001 నుంచి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉన్నది ఇదే. దానితో మాట్లాడే కమాండ్ బ్లూటూత్‌సీటీఎల్. బ్లూటూత్ అనే మాటకు సీ, టీ, ఎల్ అనే మూడు అక్షరాలు కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. లోపలికి వెళ్లాక డివైసెస్ పెయిర్డ్ అని ఇస్తే నిజంగా జత అయినవే చూపిస్తుంది. పాత వెర్షన్లలో ఇదే పనికి పెయిర్డ్ హైఫన్ డివైసెస్ అని టైప్ చేయాలి. ఉత్త డివైసెస్ అని ఇస్తే మాత్రం పక్కింటి టీవీతో సహా అన్నీ వస్తాయి. ప్రతి పేరు ముందు రెండేసి అక్షరాల చొప్పున ఆరు జంటల చిరునామా ఉంటుంది. కమాండ్లకు ఇవ్వాల్సింది పేరు కాదు, ఈ చిరునామా. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది.

ఇన్ఫో అని, పక్కన చిరునామా ఇస్తే ఆ పరికరం వివరాలన్నీ బయటపడతాయి. పెయిర్డ్, ట్రస్టెడ్, బ్లాక్డ్, కనెక్టెడ్ అనే నాలుగు వరుసలు, వాటి ఎదురుగా అవును లేదా కాదు అనే జవాబు. ఈ నాలుగూ చాలావరకు ఒకదానికొకటి సంబంధం లేకుండా మారగలవు. జత అయి ఉండి నమ్మకం లేనిది ఉండొచ్చు, జత అయి ఉండి బ్లాక్‌లో ఉన్నది ఉండొచ్చు. గ్నోమ్ లాంటి సెట్టింగ్స్ పేజీలు ఈ నాలుగింటినీ ఒకే స్విచ్ వెనక దాచేస్తాయి, గందరగోళానికి మూలం అదే.

రిమూవ్ గురించి ముందు చూద్దాం. జత చేసినప్పుడు రెండు పరికరాలూ ఒక రహస్య తాళంచెవిని పంచుకుని చెరొక ప్రతి దాచుకుంటాయి. అది 128 బిట్ల సంఖ్య. రిమూవ్ చేస్తే కంప్యూటర్ దగ్గరున్న ప్రతి చెరిగిపోతుంది, అవతలి ప్రతి మాత్రం అలాగే ఉంటుంది. పాత ఇయర్‌ఫోన్స్ ఆన్ చేయగానే చివరిసారి కలిసిన కంప్యూటర్ కోసం అవి మళ్లీ వెతుకుతాయి. తాళంచెవి లేదు కాబట్టి కనెక్షన్ కుదరదు, కానీ ప్రయత్నం ఆగదు. అవతలిది ఫోన్ అయితే మళ్లీ జత చేయమంటూ మీ తెర మీద ఒక ప్రశ్న కూడా రావచ్చు. ఫోన్‌లో ఒకరి నంబర్ డిలీట్ చేస్తే వాళ్ల పేరు మన జాబితాలోంచి పోతుంది కానీ వాళ్లు మనకు కాల్ చేయడం ఆగదు కదా, ఇదీ అంతే. అందుకే రిమూవ్ ఎప్పుడూ రెండు వైపులా చేయాలి. ఇయర్‌ఫోన్స్‌ను కంపెనీ చెప్పిన పద్ధతిలో రీసెట్ చేయండి, ఫోన్‌లో అయితే మీ ల్యాప్‌టాప్ పేరును మరిచిపోమని చెప్పండి. అవతలి పరికరం మీ చేతిలోనే ఉంటే రిమూవ్‌ను మించిన దారి లేదు. శుభ్రంగా పోతుంది, జత అన్న జాడే మిగలదు.

రిమూవ్‌కు మాత్రం టెర్మినల్ అక్కర్లేదు. గ్నోమ్‌లో పరికరం పేరు నొక్కితే తొలగించే బటన్ ఉంటుంది. మరో డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మాలోనూ ఉంటుంది. లినక్స్ మింట్ 21 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న బ్లూమాన్ అనే బ్లూటూత్ ప్రోగ్రామ్‌లో కుడి క్లిక్ చేస్తే చాలు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఈ జతలు యూజర్‌కు కాదు, కంప్యూటర్ మొత్తానికి చెందుతాయి. కాలేజీ ల్యాబ్‌లోనో, ఇంట్లో అందరూ వాడే సిస్టమ్‌లోనో ఒకరు జత చేసుకున్న హెడ్‌సెట్ వేరే అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లకూ కనిపిస్తుంది. మీరు తీసేస్తే వాళ్లకూ పోతుంది. అడిగి తీయడం మర్యాద.

అవతలి పరికరం మీ చేతిలో లేకపోతే? పాత యజమాని స్పీకర్ ఎక్కడుందో మీకు తెలియదు. హాస్టల్ గదిలో ఒకసారి ఫోన్ జత చేసిన స్నేహితుడు అందులోంచి మీ ల్యాప్‌టాప్ పేరు తీసేయడం మరిచిపోతాడు. ఇక్కడే బ్లాక్ పనికొస్తుంది. నా అభిప్రాయంలో మనవాళ్లు వాడాల్సినంతగా వాడని కమాండ్ ఇది. బ్లాక్ చేసిన పరికరం ఎన్నిసార్లు కనెక్షన్ అడిగినా మీ కంప్యూటర్ దాన్ని లోపలికి రానివ్వదు, మీకు ప్రశ్న కూడా రాదు. కంప్యూటర్ ఆపి ఆన్ చేసినా ఆ బ్లాక్ నిలిచే ఉంటుంది. గ్నోమ్ సెట్టింగ్స్‌లో దీనికి బటనే లేదు. కేడీఈలో, బ్లూమాన్‌లో ఉంది, టెర్మినల్‌లో ఎలాగూ ఉంది.

చాలామంది పొరపాటు పడే చోటు ఇక్కడుంది. బ్లాక్ చేసి, ఆ తర్వాత గట్టిగా ఉంటుందని రిమూవ్ కూడా చేస్తారు. అలా చేస్తే బ్లాక్ పోతుంది. బ్లాక్ అనే గుర్తు ఆ పరికరం వివరాలతో పాటే నిల్వ ఉంటుంది. వివరాలు చెరిపేశాక ఎవరిని ఆపాలో కంప్యూటర్‌కు తెలియదు, ఆ పరికరం కొత్తగా వచ్చినట్టే వస్తుంది. కాబట్టి బ్లాక్ చేసినదాన్ని జాబితాలో ఉండనివ్వండి. పేరు కనిపిస్తోందని చికాకు పడకండి, పేరు ఉన్నంతవరకే ఆ ఆంక్ష ఉంటుంది. రెండు కమాండ్లూ ఒకేసారి ఇస్తే డబుల్ రక్షణ అనుకోవడం సహజమే, ఫలితం మాత్రం తలకిందులు.

బ్లాక్‌కు ఒక హద్దు ఉంది. అది చిరునామాను చూసి పనిచేస్తుంది. తక్కువ కరెంటు రకం బ్లూటూత్ వాడే కొన్ని బ్యాండ్లు, ట్యాగ్‌లు, ఫోన్లు ఎవరూ వెంటాడకుండా తమ చిరునామాను కొద్ది నిమిషాలకోసారి మారుస్తుంటాయి. జత కాని అలాంటి పరికరాన్ని చిరునామా పట్టుకుని బ్లాక్ చేస్తే, కాసేపటికి అది ఇంకో చిరునామాతో కనిపిస్తుంది. మామూలు హెడ్‌సెట్‌లు, స్పీకర్ల చిరునామా మారదు కాబట్టి వాటి విషయంలో ఈ బెంగ అక్కర్లేదు.

ఇక అన్‌ట్రస్ట్. పరికరం మీదే, మీకు కావాలి కూడా, కానీ అదంతట అది వచ్చి అతుక్కోవడమే బాధ. బాగా తెలిసిన ఉదాహరణ ఫోన్. ల్యాప్‌టాప్‌లోంచి ఒక ఫైల్ పంపడానికి ఎప్పుడో జత చేస్తాం. తర్వాత కాల్ వస్తే ఎత్తి హలో అంటే అవతలి గొంతు ల్యాప్‌టాప్ స్పీకర్‌లోంచి, గదిలో అందరికీ వినిపిస్తుంది. లినక్స్‌లో ధ్వని సంగతి చూసే పైపువైర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక లినక్స్ ల్యాప్‌టాప్ ఫోన్‌కు స్పీకర్‌గా, హ్యాండ్స్‌ఫ్రీగా కూడా పనిచేయగలదు. ఎన్నాళ్ల నుంచో అందరూ కోరుకున్న సౌకర్యం అది, వద్దన్నప్పుడు మాత్రం ఇలా ఇబ్బంది పెడుతుంది. అన్‌ట్రస్ట్ చేస్తే జత అలాగే ఉంటుంది. ఫోన్ తనంతట తాను కనెక్ట్ కాబోతే డెస్క్‌టాప్ మీ అనుమతి అడుగుతుంది, మీరు ఒప్పుకోకపోతే లోపలికి రాదు.

అయినా ఫోన్ విషయంలో నేను అన్‌ట్రస్ట్‌కే మొదటి ఓటు వేయను. ప్రతిసారీ అనుమతి కిటికీ రావడం కూడా విసుగే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్లూటూత్ జాబితాలో మీ ల్యాప్‌టాప్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో అని విడివిడిగా స్విచ్‌లు కనిపిస్తాయి. వాటిని ఆపేస్తే సమస్య పుట్టిన చోటే ఆగిపోతుంది, జత కూడా చెడదు, ఫైళ్లు పంపుకోవచ్చు. అలాంటి స్విచ్‌లు లేని పరికరాలకు, లేదా పదిమంది చేతులు మారే ల్యాబ్ సిస్టమ్‌లకు అన్‌ట్రస్ట్ సరిగ్గా సరిపోతుంది.

నాలుగో దారి, ఫైళ్లను చేత్తో చెరిపేయడం. రూట్ కింద వార్, దానిలో లిబ్, దానిలో బ్లూటూత్ అనే ఫోల్డర్ ఉంటుంది. లోపల మీ అడాప్టర్ (కంప్యూటర్‌లోని బ్లూటూత్ చిప్) చిరునామాతో ఒక ఫోల్డర్, దాని లోపల ఒక్కో పరికరానికి ఒక్కో ఫోల్డర్, అందులో ఇన్ఫో అనే ఫైల్. ఇందాకటి తాళంచెవి ఉండేది అందులోనే. ఈ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేయండి అన్న సలహా ఇంటర్నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. నేను అంత తేలిగ్గా ఇవ్వను. బ్లూటూత్ కీబోర్డు, మౌస్ మాత్రమే ఉన్న సిస్టమ్‌లో అలా చేస్తే మళ్లీ టైప్ చేయడానికే దారి ఉండదు, వైరు కీబోర్డు దగ్గర పెట్టుకోవాల్సిందే. బ్లూటూత్ సర్వీస్ నడుస్తుండగా ఫైళ్లు మారిస్తే అది తన దగ్గర గుర్తున్నదాన్నే మళ్లీ రాసేయగలదు, అందుకని ముందు సర్వీస్‌ను ఆపాలి. అక్కడే క్యాష్ అనే ఫోల్డర్‌లో బోలెడు పేర్లు చూసి కంగారు పడకండి. అవి ఎప్పుడో కనిపించిన పరికరాల పేర్లే, జతలు కావు.

ఈ ఫైళ్ల జోలికి నిజంగా వెళ్లాల్సిన సందర్భాలు రెండున్నాయి. ఒకటి, అడాప్టర్ మారినప్పుడు. జతలు అడాప్టర్‌ను బట్టి నిల్వ ఉంటాయి. పాత యూఎస్‌బీ డాంగిల్ తీసేసి కొత్తది పెట్టారంటే పాతదాని జతలు డిస్క్ మీద ఉండిపోతాయి, బ్లూటూత్‌సీటీఎల్‌లో మాత్రం కనిపించవు. అసలు మళ్లీ వచ్చింది అనే ఫిర్యాదుకు కొన్నిసార్లు కారణం కూడా ఇలాంటిదే. ల్యాప్‌టాప్ సొంత అడాప్టర్, డాంగిల్ రెండూ పెట్టుకున్నవాళ్లు ఒకదాంట్లో తొలగిస్తారు, రెండోదాంట్లో జత అలాగే ఉంటుంది. లిస్ట్ అని ఇచ్చి ఎన్ని అడాప్టర్లున్నాయో చూసి, సెలెక్ట్‌తో ఒక్కోదాంట్లోకీ వెళ్లి తీసేయాలి.

రెండోది విండోస్, లినక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్. అడాప్టర్ ఒకటే కాబట్టి హెడ్‌సెట్‌కు రెండూ ఒకే కంప్యూటర్. విండోస్‌లో జత చేయగానే లినక్స్ దగ్గరున్న తాళంచెవి చెల్లదు, అక్కడ పేరు ఉంటుంది కానీ కనెక్ట్ కాదు. ఇది పనికిరాని జత అనుకుని రిమూవ్ చేసి మళ్లీ జత చేస్తే ఈసారి విండోస్ వైపు చెడుతుంది, ఇది తెగే పని కాదు. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోని తాళంచెవిని తెచ్చి ఇన్ఫో ఫైల్‌లో రాస్తే రెండూ పనిచేస్తాయి.

బ్లూటూతే అస్సలు వాడనివాళ్లు ఈ జాబితాలతో తంటాలు పడకుండా ఆర్‌ఎఫ్‌కిల్ అనే కమాండ్‌తో అడాప్టర్‌నే ఆపేయవచ్చు. వాడేవాళ్లు మాత్రం ఒకటి పట్టించుకోవాలి. 2023 డిసెంబరులో మార్క్ న్యూలిన్ అనే భద్రతా పరిశోధకుడు బయటపెట్టిన సీవీఈ-2023-45866 అనే నంబరున్న భద్రతా లోపంతో, అందరికీ కనిపించే స్థితిలో ఉన్న లినక్స్ కంప్యూటర్‌కు దగ్గర్లో ఉన్న ఎవరైనా మన అనుమతి లేకుండానే కీబోర్డులా అతుక్కుని అక్షరాలు పంపగలిగేవారు. ఆండ్రాయిడ్, యాపిల్ పరికరాలూ దానికి గురయ్యాయి. బ్లూజ్ అప్‌డేట్‌తో అది సరిదిద్దారు కాబట్టి అప్‌డేట్లు వాయిదా వేయకండి. గ్నోమ్‌లో బ్లూటూత్ పేజీ తెరిచి ఉన్నంతసేపే మీ కంప్యూటర్ ఇతరులకు కనిపిస్తుంది, పని అయ్యాక ఆ పేజీ మూసేయండి. టెర్మినల్‌లో అయితే డిస్కవరబుల్ ఆఫ్.

ల్యాప్‌టాప్ అమ్మబోతున్నా, ఎవరికైనా ఇవ్వబోతున్నా బ్లాక్, అన్‌ట్రస్ట్‌ల ఊసే వద్దు. బ్లూటూత్‌సీటీఎల్‌లో రిమూవ్ అని, పక్కన నక్షత్రం గుర్తు పెడితే అన్నీ ఒకేసారి పోతాయి. పాత డాంగిల్ జతలు ఉండిపోయాయేమో ఆ ఫోల్డర్‌లో ఒకసారి చూసి, ఉంటే వాటినీ చెరిపి ఇవ్వండి.