బాంజ్ ఓకా, చీర్ పైనా: ఉత్తరాఖండ్ కొండలకి ఏది మేలు?

చార్‌ధామ్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో నిటారుగా నిలబడ్డ పైన్ చెట్ల ఫొటోలు చాలానే ఉంటాయి. అది చీర్ పైన్. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ చెట్ల కింద ఒకసారి తల దించి నేల చూడండి: మూడేసి కలిసి రాలిన ఎండు సూదులు, వాటి మధ్య కాస్త గడ్డి. ఆ సూదుల్ని అక్కడ పిరూల్ అంటారు, వాలులో అడుగేస్తే జర్రున జారుతుంది, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యం దగ్గర మంటలార్పడానికి వెళ్లిన అటవీ సిబ్బంది అందులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అదే 1,800 మీటర్లు దాటి, ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలుకి వెళ్తే బాంజ్ అడవి, అంటే అక్కడి ఓక్ చెట్ల అడవి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. కింద చేత్తో తవ్వితే కుళ్లిన ఆకు, నల్లమట్టి, తడి. బాంజ్ ఒక్కటే ఉండదు, ఎర్రటి పూల బురాంశ్, కాఫల్ పళ్ల చెట్టు, అయార్ చెట్టు, కొమ్మల నిండా నాచు, ఫెర్న్‌లు, అదంతా ఒక కుటుంబం. ఊళ్లో ఆడవాళ్లని అడిగితే ఇంకా సూటిగా చెప్తారు: బాంజ్ ఆకు గొడ్లకి మేత, కొమ్మ పొయ్యికి, రాలిన ఆకు పేడలో కలిపితే పొలానికి ఎరువు. వాన నీరు ఆ మెత్తటి మట్టిలో ఇంకి మెల్లగా కిందికి దిగుతుంది కాబట్టి, ఊట పైనున్న బాంజ్‌ని కాపాడుకోవాలంటారు.

మరి చీర్ ఎందుకు గెలుస్తోంది? దాని బెరడు మందం, మంట పోయాక నిలబడుతుంది. గింజకి రెక్క ఉంటుంది, గాలికి ఎగిరి బోడి వాలుల్లో పడి, ఎండలో చకచకా పెరుగుతుంది. బాంజ్ కాయలు కొండముచ్చులూ ఎలుగుబంట్లూ తినగా మిగిలినవే మొలవాలి, ఆ మొక్కని మేకలు కొరుకుతాయి, పెద్ద చెట్టుకి ఏటా కొమ్మలు కొట్టేస్తే కాయలే తగ్గిపోతాయి. దీనికి పాత పాపం కూడా తోడైంది: బ్రిటిష్ వాళ్లకి రైలు పట్టాల స్లీపర్లూ, జిగురూ కావాలి కాబట్టి చీర్ పెంపకం మీదే దృష్టి పెట్టారు. అడవి మీద హక్కులు పోయిన కుమావూ (ఉత్తరాఖండ్ తూర్పు భాగం) పల్లెలు 1921లో ఆ చీర్ అడవులకే నిప్పు పెట్టాయి.

నా ఓటు బాంజ్‌కే. అయితే చీర్‌ని నరికేసి బాంజ్ నాటుదామంటే ఒప్పుకోను. రాళ్లు తేలిన దక్షిణపు వాలులో చీరే సరైన చెట్టు, అక్కడ బాంజ్ మొక్క ఎండి చచ్చిపోతుంది. తేమ ఉన్న వాలుల్లో మాత్రం నిప్పునీ మేకల్నీ కొన్నేళ్లు ఆపి, వేసవికి ముందే పిరూల్ ఊడ్చేస్తే, చీర్ నీడలోనే బాంజ్ మొక్కలు లేస్తాయి. ముందు ఊటల పైనున్న వాలుల్లో మొదలుపెట్టాలి.