ఓటీజీతో ఏడేళ్లు: నెయిల్ పాలిష్ గీత దాకా

2018 దసరాకి కొన్నాం దీన్ని. 28 లీటర్ల ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ కలిసిన పెట్టె. 1500 వాట్లు. ఆఫర్లో ఆరున్నర వేలు పడింది. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు అన్నదమ్ములే, నేను చెప్పే మంచీ చెడ్డా మీ ఇంట్లో దానికీ వర్తిస్తాయి. కొన్న వారానికే ఐదు స్టార్లు ఇచ్చేసే రివ్యూలు చదివే నేనూ కొన్నాను. వాటిలో నాకు పనికొచ్చిన ముక్క ఒక్కటీ లేదు. అందుకే ఏడేళ్లు ఆగి రాస్తున్నాను.

ముందు ప్లగ్గు సంగతి. ఇంటికి తెచ్చి అట్టపెట్టె విప్పితే దానికున్నది లావు పిన్నుల ప్లగ్గు, 16 ఆంపియర్లది. రాజమండ్రిలో మా ఇల్లు పాతది. వంటింట్లో ఉన్నవన్నీ మిక్సీ, గ్రైండరు పెట్టుకునే 6 ఆంపియర్ల చిన్న సాకెట్లు. పవర్ ప్లగ్గులు ఇల్లు మొత్తానికి రెండే, ఒకటి గీజరుకి, ఇంకోటి పడగ్గదిలో ఏసీకి. "దానికేముంది" అని మా ఆయన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చారు. రెండో కేకు సగంలో ఉండగా ఏదో కాలుతున్న వాసన. కేకే మాడిందనుకుని తలుపు తీశాను. కేకు శుభ్రంగా ఉంది, బాక్సు కరిగి గోడకి అంటుకుంది. 1500 వాట్లంటే సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుందట, చిన్న సాకెట్ తట్టుకునేదానికి కాస్త పైనే. ఆ లెక్క ఎలక్ట్రీషియన్ వచ్చి తిట్టాక తెలిసింది.

ఆయన వంటింట్లోకి వేరే లైను లాగేసరికి మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా మా ఓవెన్ పడగ్గదిలో, ఏసీ స్విచ్చు కింద, స్టూలు మీద కాపురం చేసింది. కేకు కాల్చాలంటే ఏసీ ఆపాలి. దిండ్లు, దుప్పట్లు వెనిలా వాసన కొట్టేవి. మా అత్తయ్యగారు పక్కింటి పిన్నిగారితో "మా ఇంట్లో పొయ్యి పడగ్గదిలో ఉంటుందండీ" అని చెప్పి నవ్వించేవారు.

నిజానికి కేకు మాకు కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ ప్రెషర్ కుక్కర్లో గోదావరి ఇసుక పోసి, పైన చిల్లుల ప్లేటు పెట్టి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి సన్నసెగ మీద చేసేది. తరవాత గుండ్రటి అల్యూమినియం ఓవెన్ వచ్చింది, మూత మధ్యలో చిన్న అద్దంతో. ఆ అద్దంలోకి తొంగిచూడబోయి ముక్కు చురుక్కుమనిపించుకోని పిల్లలు మా వీధిలో లేరు. కుక్కరు కేకుకి సెగ కింద నుంచే కాబట్టి అడుగు గట్టిగానూ పైన పాలిపోయినట్టూ ఉండేది. బేకరీ కేకులా పైన కూడా ఎర్రగా కాలాలన్న ఆశే నాచేత ఈ పెట్టె కొనిపించింది.

ఆ ఎరుపు మొదటిరోజే కావలసినదానికంటే ఎక్కువ వచ్చింది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వాట్సాప్‌లో కొలతలు పంపింది. "350 దగ్గర 35 నిమిషాలు" అని ఉంది. నా ఓవెన్ మీద అంకెలు 250 దగ్గరే అయిపోయాయి. సరే, మనది చిన్న ఓవెన్ కదా, ఇంతే ఇస్తుంది కాబోలని నాబ్‌ని చివరిదాకా తిప్పేశాను. పావుగంటకి పైన బొగ్గు. చీపురుపుల్ల గుచ్చితే లోపల జావ. అత్తయ్యగారు ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, దీన్ని కొరుక్కుతినాలా, జుర్రుకోవాలా?" అన్నారు. ఆడపడుచు రాసింది ఫారెన్‌హీట్. మన లెక్కలో 175 చిల్లర. ఆవిడ కప్పు 240 మిల్లీలీటర్లు, నేను కొలిచింది కాఫీ కప్పుతో. మర్నాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కున్నాను. కప్పుల్లో ఉన్న వంటకాన్ని గ్రాముల్లోకి మార్చుకోనిదే ఇప్పటికీ గిన్నె ముట్టుకోను.

సరే, సెల్సియస్ తెలిసింది, 180 అన్నచోట 180 పెట్టాను. అయినా అంచులు మాడడం, మధ్యలో గోపురంలా లేచి పగలడం మానలేదు. ఏడాది పాటు నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. మైదా మార్చాను, బేకింగ్ పౌడర్ మార్చాను, గుడ్లు కొనే కొట్టు కూడా మార్చాను. చివరికి ఓ ఐదువందలు పెట్టి ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు తెప్పించాను. నాబ్ 180 మీద పెట్టి పావుగంట వేడెక్కనిచ్చి చూస్తే ముల్లు 210 దగ్గర కూర్చుని ఉంది. రాడ్లు ఆరాక మెల్లగా 185కి దిగింది, మళ్లీ రాడ్లు వెలిగి 210. ఈ రకం పెట్టెల్లో థర్మోస్టాట్ అంటే వేడికి వంగే ఒక లోహపు రేకు. వంగితే కరెంటు తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. దాని దగ్గర అంతకంటే ఖచ్చితం ఆశించడం మనదే తప్పు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, సగటున 170 ఎక్కడ నిలుస్తోందో పట్టుకుని, అక్కడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాను. అది కంపెనీ వాళ్ల 150కి కాస్త ఇవతల పడింది. నాలుగో ఏడు వచ్చేసరికి తుడిచి తుడిచి అచ్చు అంకెలన్నీ చెరిగిపోయాయి, నా గీత మాత్రం ఉంది. ఈ రివ్యూలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఓవెన్ కొన్నరోజే థర్మామీటరు కూడా కొనండి.

ఇక ఇది బాగా చేసేది ఏదంటే నాన్‌ఖటాయి. 100 గ్రాముల నెయ్యి, అంతే చక్కెర పొడి, 150 మైదా, 50 శెనగపిండి, ఒక పెద్ద చెంచా బొంబాయి రవ్వ, పావు చెంచా వంటసోడా, ఏలకుల పొడి. నెయ్యి పేరినదే కావాలి. కరిగింది పోస్తే బిస్కెట్లు పాకి పాకి ట్రే అంతా ఒకే రొట్టె అవుతుంది, నాకు రెండుసార్లు అయింది. నెయ్యీ చక్కెరా చేత్తో పది నిమిషాలు గిలక్కొడితే తెల్లబడి నురగలా వస్తుంది. పిండి వేశాక చపాతీ పిండిలా పిసకొద్దు, దగ్గరికి తీసి ముద్ద చేస్తే చాలు. పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, నడుమ బొటనవేలితో నొక్కి, పిస్తా పలుకు పెట్టి, నా గీత కంటే ఒక వెంట్రుకవాసి తక్కువలో 18 నిమిషాలు.

ఓవెన్ లోపలి లైటు రెండో ఏడే పోయింది. కాబట్టి మా చిన్నమ్మాయి సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని అద్దం ముందు గొంతుక్కూర్చుంటుంది. మొదట ఏమీ జరగదు, ఉండలు ఉండల్లాగే మెరుస్తుంటాయి. తొమ్మిదో నిమిషానికి "అమ్మా, మూలది పగిలింది!" అని కేక. ఆ తరవాత ఒక్కొక్కటే మెల్లగా వెడల్పయి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. నెయ్యి వాసన మెట్లు దిగి కిందికి పోతుంది, కింది వాటా వాళ్లకి అప్పుడే ఏదో పని గుర్తొచ్చి పైకొస్తారు. తీసినప్పుడు వేలికి మెత్తగా తగులుతాయి. కాలలేదని మళ్లీ లోపల పెడితే చల్లారాక రాళ్లే. ట్రే మీదే వదిలేసి, మనుషుల్ని ట్రే దగ్గరికి రాకుండా చూసుకోవాలి. రెండోదే కష్టం. మొన్న సంక్రాంతికి కాకినాడ చుట్టాలకి పంపిన అరిసెల డబ్బా పక్కన అత్తయ్యగారే ఒక నాన్‌ఖటాయి డబ్బా కట్టించారు. నేనేమీ అనలేదు.

అరటిపండు కేకు కూడా తప్పకుండా కుదురుతుంది. రావులపాలెం వైపు వెళ్లినవాళ్లు అత్తం అత్తం పళ్లు తెచ్చి పడేస్తారు, నాలుగు రోజులకి తొక్క నల్లబడుతుంది, ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అదే కేకుకి సరైన అదను. పండు ఎంత మాగితే అంత తీపి, చక్కెర తగ్గించుకోవచ్చు. దాంట్లో తాటిబెల్లం వేస్తే రంగూ రుచీ రెండూ వస్తాయి. కాస్త పెరుగు తప్పనిసరి, ఎందుకంటే వంటసోడా సరిగ్గా పనిచేయాలంటే పులుపు కావాలి.

ఆ పులుపు సంగతి తెలియక బేకింగ్ పౌడర్ అయిపోయిన ఒకరోజు అంతే వంటసోడా వేసేశాను, రెండు చెంచాలు, పెరుగు లేకుండా. బేకింగ్ పౌడర్లో సోడాతో పాటు పులుపు పదార్థం కూడా కలిపే ఉంటుంది, అందుకే ఎక్కువ పడుతుంది. ఉత్త సోడా దానికి మూడు రెట్ల ఘాటు. కేకు ముదురు రంగులో అందంగా పొంగింది. నోట్లో పెట్టుకుంటే బట్టల సబ్బు. మా ఆయన రెండు ముక్కలు తిని "బాగుంది" అన్నారు. అప్పటి నుంచి ఆయన మెచ్చుకోలు లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

ఎండాకాలంలో వెన్నతో చేసే కేకులు నేను పెట్టుకోను. పుస్తకాలన్నీ "వెన్న గది వేడికి రానివ్వండి" అంటాయి. వాళ్ల గది 20 డిగ్రీల గది. మే నెలలో మా వంటింట్లో వెన్న గిన్నెలో వేసి అటు తిరిగి ఇటు తిరిగేలోపు నూనె అవుతుంది. నూనెగా మారిన వెన్న ఎంత గిలక్కొట్టినా గాలి పట్టుకోదు, కేకు పొంగదు. ఐసు నీళ్ల పళ్లెంలో గిన్నె పెట్టి చేయొచ్చు గానీ, ఆ తంటాలు పడేకంటే ఆ రెండు నెలలూ నూనె, పెరుగు కేకులతో సరిపెట్టుకోవడం మేలు.

పెద్దమ్మాయి పుట్టినరోజు కూడా ఎండల్లోనే. ఒక ఏడు ఓవెన్ పెట్టిన ఇరవయ్యో నిమిషంలో గాలిదుమారం, కరెంటు పోయింది. టెన్షన్‌లో తలుపు తీసి చూశాను. చూస్తుండగానే కేకు నడుమ కూర్చుండిపోయింది. మైదా, గుడ్డు గట్టిపడకముందే చల్లగాలి తగిలితే లోపలి ఆవిరి ముడుచుకుంటుంది, కట్టిన గోడలు కూలిపోతాయి. గంటలో పిల్లలొస్తారు. కరెంటు రాగానే మిగతాది కాల్చి, ఆ గుంట నిండా క్రీము వేసి, బంగినపల్లి ముక్కలు తరిగి పోశాను. మర్నేడు అమ్మాయి స్నేహితురాళ్లు "ఆంటీ, మళ్లీ ఆ గుంట కేకే చేయండి" అని అడిగారు. ఆ ఏడు కరెంటు పోలేదు. కావాలని మధ్యలో తలుపు తీశాను. ఏం లాభం, కేకు కూర్చోలేదు.

ఇప్పుడు మధ్యలో కరెంటు పోతే తలుపు జోలికే వెళ్లను. లోపలి వేడి పది నిమిషాలు పనిచేస్తూనే ఉంటుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. ట్రే పల్చటి రేకు, వేడెక్కగానే ఠంగుమని వంగుతుంది, కొత్తలో రోజూ ఉలిక్కిపడేదాన్ని. టైమరు మూడో ఏడు మొండికేసింది. ముల్లు ఐదు నిమిషాల దగ్గర ఆగిపోయి, గంట కొట్టదు, రాడ్లు ఆరవు. ఫోన్లో అలారం పెట్టుకుంటున్నాను. నాలుగో ఏడు కింది రాడ్డు కాలిపోయింది. సర్వీసు సెంటరు వాళ్లు "రేపు వస్తాం మేడం" అంటూ మూడు వారాలు గడిపారు. వీధి చివర మిక్సీలు బాగుచేసే అతను అరగంటలో వేరే రాడ్డు వేసి ఆరువందలు తీసుకున్నాడు, ఇంకా పనిచేస్తోంది. వెనక ఉన్న గాలి చిల్లుల్లోంచి బొద్దింకలు దూరతాయి, వాడనప్పుడు గుడ్డ కప్పాలి, వాడేటప్పుడు తీయడం మరిచిపోకూడదు. కోడిని గుచ్చి తిప్పే ఊచ ఒకటి ఇచ్చారు. ఒకసారి వాడాం, తరవాత రాడ్లకంటిన కొవ్వు తుడవడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడది అటక మీద ఉంది. కరెంటు బిల్లు గురించి చాలామంది అడుగుతారు. వేడెక్కడంతో కలిపి ఒక కేకుకి యూనిట్ అటూ ఇటూ అవుతుంది, అంతకు మించి నేనెప్పుడూ చూడలేదు.

ఇదే మళ్లీ కొంటారా అంటే, ఇంచుమించు ఇలాంటిదే కొంటాను. 28 లీటర్లకి మాత్రం తగ్గను. చిన్నవాటిలో పొంగిన కేకు పై రాడ్డుకి దగ్గరై నెత్తి మాడుతుంది. పై రాడ్లు, కింది రాడ్లు విడివిడిగా వేసుకునే మీట ఉండాలి. లోపల ఫ్యాను ఉంటే వేడి అన్ని మూలలకీ సమంగా తిరుగుతుంది. నాదాంట్లో లేదు, బిస్కెట్ల ట్రే సగంలో వెనక్కి ముందుకి తిప్పాల్సి వస్తోంది.

కొత్తగా కాపురం పెట్టిన మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసింది. "పిన్నీ, ఏ కంపెనీది కొనమంటావు?" అని.

"కంపెనీ తరవాత చూద్దాం గానీ, ముందు మీ వంటింట్లోకి వెళ్లి లావు పిన్నుల సాకెట్ ఉందేమో చూసి రా" అన్నాను.

ఫోన్ పక్కన పెట్టి వెళ్లింది. కాసేపటికి వచ్చి, "బెడ్రూంలో ఒకటుంది పిన్నీ, ఏసీది" అంది.